ఏడో చుక్క కోసం ఆళ్లగడ్డ దాకా

నంద్యాల వెళ్లొచ్చానని చెప్పగానే మా గుంటూరులో అందరూ అడిగే మొదటి ప్రశ్న, మహానంది చూశావా అని. రెండోది, అహోబిలం చూశావా అని. రెండూ చూడలేదంటే, మరి నాలుగు రోజులు ఏం చేశావమ్మా అని జాలిగా చూస్తారు. ఒక చుక్క చెక్కించి వచ్చానని చెబితే ఆ జాలి ఇంకాస్త ముదురుతుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక, అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముప్పై ఏళ్ల కిందట టీచర్ ట్రైనింగ్ కోసం రెండేళ్లు నంద్యాలలో ఉన్నాను. అక్కడి చర్చిలో నేను పాడిన పాటల బృందాన్ని నడిపేది రత్నస్వామి మాస్టారు. హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఆయనకు వచ్చింది ఒక్కటే పాట అని గిట్టనివాళ్లు అనేవాళ్లు. గిట్టేవాళ్లూ అనేవాళ్లు, కాకపోతే గొంతు తగ్గించి.

ఆ ఒక్కటీ చిన్నాచితకా పాట కాదు. మూడు వందల ఏళ్ల కిందట, బరోక్ కాలమని పిలుచుకునే రోజుల్లో, ఐరోపాలో ఏదో రాజుగారి ప్రార్థనా మందిరం కోసం రాసిన మరియమ్మ కీర్తన. నాలుగు రకాల గొంతులు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతాయి. ఒకరు వదిలిన మాటను ఇంకొకరు అందుకుంటారు. చివరికి అందరూ ఒకే చోటికి చేరి నిలబడతారు. రాసినాయన ఉద్దేశం అయితే అది. నంద్యాలలో మగవాళ్లు ముందే చేరిపోయి, మిగతావాళ్లు వచ్చేదాకా దగ్గుతూ నిలబడేవాళ్లు. రాసినాయన పేరును ఆ ఊళ్లో మూడు రకాలుగా పలుకుతారు. నాలుగో రకం నేను కలపను.

మాస్టారు పోయిన ఏడాది పోయారు. చర్చి గోడకు ఆయన పేరిట నల్లరాతి పలక పెట్టాలని, దాని మీద ఆ కీర్తన మొదటి వరుసను పాశ్చాత్య సంగీతం రాసే పద్ధతిలో అయిదు గీతలూ, వాటి మీద స్వరానికో చుక్కా వేసి చెక్కించాలని కమిటీ తీర్మానించింది. అక్కడ ఎవరికీ ఆ చుక్కలు చదవడం రాదు. చదవడం వచ్చిన నాకు మాస్టారి చేతిరాత కాగితాన్ని ఫోన్‌లో పంపి, ఒకసారి చూడమన్నారు. చూశాను. ఏడో చుక్క తప్పు. పై గీత దాటి ఎక్కాల్సిన చుక్క గీత మీదే కూర్చుంది. గుంటూరు వచ్చాక అచ్చు పుస్తకం చూసి నేర్చుకున్నాను గనక నాకు బాగా తెలుసు. అంటే నంద్యాల నలభై ఏళ్లుగా ఆ చోట ఒక మెట్టు తక్కువ పాడుతోంది.

మంచి మనిషైతే ఊరుకునేది. నేను సరైన స్వరాన్ని కీబోర్డు మీద మోగించి మరీ, పాటల బృందానికి తొమ్మిది నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాను. అంతటితో ఆగకుండా ఆళ్లగడ్డలో రాయి చెక్కే ఆచారిగారి నంబరు సంపాదించి, ఆయనకూ సరైన కాగితం పంపి, అరగంట సేపు పాఠం చెప్పాను. పలకకు డబ్బిస్తున్న మాస్టారి భార్య కరుణమ్మగారు అదే వారంలో ఆయనకు కబురు చేసి, మా సారు రాసింది రాసినట్టే ఉండాలన్నారు. ఆచారిగారు ఆరు చుక్కలు చెక్కి ఉలి కింద పెట్టేశారు. ఆడోళ్లిద్దరూ తేల్చుకొని రాండి, అంతదాకా ముట్టను అన్నారు. ఆదివారం పలక ఆవిష్కరణ. గురువారం నేను రైలెక్కాను.

నల్లమల మీదుగా

గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలు గిద్దలూరు దాటాక అడవిలోకి దూరుతుంది. ఎండ మాయమై ఆకుపచ్చ నీడ పెట్టెలోకి వస్తుంది. అందరూ ఫోన్లు కిటికీల బయటికి చాపుతారు. ఆ తర్వాత అడవిని ఫోన్‌లో చూసుకుంటారు, బయట అది ఉండగానే. సొరంగం వచ్చినప్పుడు పెట్టెలో ఉన్న పెద్దమనుషులంతా ఒక్కసారిగా అరిచారు. అరవకపోతే టికెట్టు చెల్లదేమో అనుకుని నేనూ కాస్త గొంతు కలిపాను.

దిగువమెట్టలో సీతాఫలాల బుట్టలు కిటికీల దాకా వచ్చాయి. బుట్ట వంద రూపాయలు. గుంటూరులో ఆ డబ్బుకి ఆరు కాయలు, అందులో రెండు పుచ్చు. నేను బేరం ఆడకుండా కొన్నానని ఎదుటి సీటు పెద్దాయన నొచ్చుకున్నాడు. నరసరావుపేట ఆయన, రిటైరైన గుమాస్తా, కుటుంబంతో మహానంది వెళ్తున్నాడు. నేనెందుకు వెళ్తున్నానని అడిగితే చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, ఒక్క చుక్కకేనా అన్నాడు. తర్వాత మా ఇద్దరికీ చెరో పులిహోర పొట్లం విప్పి, మా ఆఫీసులో ఫైళ్లకు ఫైళ్లే తప్పులుండేవి, ఎవరూ రైలెక్కి రాలేదమ్మా అన్నాడు. పులిహోర బాగుంది. అందుకని వాదన మానేసి ఇంకో ముద్ద పెట్టుకున్నాను.

కరుణమ్మగారి వంటింట్లో

కరుణమ్మగారికి డెబ్బై రెండేళ్లు. మోకాళ్లు తప్ప మిగతావన్నీ గట్టిగా ఉన్నాయి, ముఖ్యంగా మాట. నన్ను చూడగానే లావైనావు అన్నారు. మా వైపు ఇలాంటివి మనిషి గుమ్మం దాటాక వెనక అంటారు. ఇక్కడ ముందే అనేసి, చెంబుతో నీళ్లిస్తారు. ఒక విధంగా సమయం కలిసొస్తుంది.

జొన్నరొట్టె, దాని మీదకి చెనిక్కాయల ఊరుబిండి పెట్టారు. ఊరుబిండి అంటే వేరుశెనగలూ ఎండుమిరపకాయలూ కలిపి రోట్లో నూరిన పచ్చడి. కారం ఎక్కువైతే చెప్పు అన్నారు. గుంటూరు మనిషితో కారం సంగతి మాట్లాడుతున్నారా అని నవ్వాను. రెండో ముద్దకి నవ్వు ఆగింది. మూడో ముద్దకి కళ్లు, ముక్కు, చెవులు పనిచేయడం మానేశాయి. ఆవిడ పెరుగు గిన్నె నా వైపు జరిపారు. అలా ఆ పూట చర్చ మొదలవకముందే నేను ఓడిపోయి ఉన్నాను.

అయినా మొదలుపెట్టాను. అచ్చు పుస్తకం చూపించాను. రాయి మీద పడితే వందేళ్లు ఉంటుందని, తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తే మాస్టారికే చిన్నతనమని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. పుస్తకాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, మడిచి, నా ఒళ్లో పెట్టారు.

"మా సారు నలభై ఏండ్లు ఇట్లే పాడినాడు. దేవుడు ఒగదినం కూడా తప్పని చెప్పల్యా. నువ్వు చెప్తాండావు" అన్నారు.

పుస్తకాన్ని సంచిలో పెట్టేశాను. రేపు ఆళ్లగడ్డ వెళ్లి ఆచారిగారితో మాట్లాడతాను, మీరూ రండి అన్నాను. మోకాళ్లు బస్సెక్కనియ్యవన్నారు. నువ్వు ఏం చెప్పొస్తావో నీ ఇష్టం, రాయి మాత్రం నేను పెట్టిస్తాండా అని కూడా గుర్తుచేశారు.

ఆళ్లగడ్డ, సగం దేవుళ్ల మధ్య

పొద్దున బస్టాండు దగ్గర ఉగ్గాని, బజ్జి తిన్నాను. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెడితే ఉగ్గాని. నలభై రూపాయలు. బజ్జీలోని మిరపకాయను మాత్రం తీసి, పళ్లెం అంచున మర్యాదగా పడుకోబెట్టాను. హోటలాయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, ఏ ఊరు అని అడిగాడు. విజయవాడ అన్నాను. సొంతూరి పరువు కాపాడడానికి పొరుగూరు ఉండనే ఉంది.

శిరివెళ్ల మీదుగా గంట ప్రయాణం. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనే రాళ్ల కొట్లు వరసగా ఉంటాయి. ఆంజనేయులు, నరసింహస్వాములు, నందులు, వాళ్ల మధ్య నమస్కారం పెడుతూ రాజకీయ నాయకులు. దేవుళ్లలో కొందరికి ఇంకా ముఖాలు రాలేదు. నాయకులకు మాత్రం అందరికీ ముఖాలు పూర్తయ్యాయి, చేతులు మిగిలాయి. పని వరసలో ఏది ముందో ఇక్కడివాళ్లకు బాగా తెలుసు.

నాగలింగాచారిగారు తల నుంచి కాళ్ల దాకా రాతిపొడిలో ఉన్నారు. ఆయన్ని విగ్రహాల్లోంచి వేరు చేసి పట్టుకోవడానికి నాకు కొంతసేపు పట్టింది. పలక నీడలో ఉంది. అయిదు గీతలు దారం పట్టినట్టున్నాయి. ఆరు చుక్కలు నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. ఏడో చోట సుద్దతో రెండు సున్నాలు గీసి ఉన్నాయి, ఒకటి గీత మీద, ఒకటి గీత పైన. రెండు కాగితాలనూ రాయి కింద పెట్టి దాచారు.

ఆయనకు అర్థం కానిదొకటే. ఈ వేలెడంత తేడాకు ఇద్దరు చదువుకున్న ఆడవాళ్లు ఎందుకు పోట్లాడుతున్నారని. చెవికి తెలిస్తే గానీ చేతికి తెలియదు, రెండూ పాడి చూపించమన్నారు.

నేను గుంపులో పాడేదాన్ని. ముప్పై ఏళ్లలో ఒంటరిగా పాడింది లేదు. పైగా చుట్టూ గ్రైండర్ల మోత. ఆచారిగారు చెయ్యెత్తగానే ఆ మోత ఆగిపోయింది. దాంతో తప్పించుకునే దారీ పోయింది. పక్క పల్లె నుంచి ఆంజనేయుణ్ని ఆర్డరివ్వడానికి వచ్చిన నలుగురు రైతులు కూడా వచ్చి బండల మీద కూర్చున్నారు. కళ్లు మూసుకుని మొదట సరైనది పాడాను. ఒక రైతు బాగుండాదన్నాడు. తర్వాత మాస్టారిది పాడాను. ఇదీ బాగుండాదన్నాడు. తేడా ఏమిటని అడిగితే, రెండోతూరికి నీకు బెదురు తగ్గింది అన్నాడు.

అతను చెప్పింది నిజమే. కానీ తేడా ఇంకొకటి ఉంది. సరైనది పాడినప్పుడు పుస్తకంలోని పేజీ గుర్తొచ్చింది. మాస్టారిది పాడుతుంటే మాస్టారే గుర్తొచ్చారు. ఏడో స్వరం దగ్గర ఆయన సుద్దముక్క పొడి అంటిన అరచేతిని కిందికి తిప్పి, అక్కడే ఉండండి అన్నట్టు పట్టేవారు. ఎక్కబోయే మా గొంతులన్నీ ఆ చేతి కింద ఆగేవి. ఆ సంగతి నేను పూర్తిగా మర్చిపోయాను. గొంతు మాత్రం మర్చిపోలేదు.

ఆచారిగారు అప్పటికే ఉలి తీశారు. గీత పైన ఉన్న సున్నా మీద పెట్టారు. నీ మాటే రైటమ్మా అన్నారు. సగం చెక్కి మూలన పడేసిన విగ్రహాలను చూపించారు. "దేవుని చేతికి ఒక వేలు తప్పు పడితే పూజకు పనికిరాదు. పక్కన పెట్టేస్తాం. తప్పని తెల్సినాక నేనెట్ల చెక్కేది?"

నేను ఫోన్‌లో అరగంట చెప్పింది అదే. వేరే మనిషి నోట వింటే ఎంత కటువుగా ఉందో అప్పుడు తెలిసింది. ఆ మూలన పడున్న విగ్రహాల వరసలో నాకు మాస్టారు కూడా కనిపించారు.

ఇది పూజించే రాయి కాదని, ఆయన గుర్తుకని, ఆయన ఏది పాడారో అదే ఉండాలని చెప్పాను.

"మరి ఫోన్లో నాకు అంతసేపు చెప్పినావే, అదంతా ఏందీ?"

"పొరపాటు పడ్డానండీ."

"ఎప్పుడు? అప్పుడా, ఇప్పుడా?"

రెండూ అన్నాను. ఆయన నా వంక అనుమానంగా చూసి, ఉలిని ఒక వేలెడు కిందికి దించారు. ఆ చుక్క పూర్తయ్యేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు. ఆయన మీద నమ్మకం లేక కాదు, నా మీద లేక. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో రైతులు ఆంజనేయుడి ధర ఖాయం చేసుకున్నారు, నాకు టీ ఇప్పించారు, మా ఊరి గుడి ప్రారంభానికి వచ్చి పాడతావా అని అడిగారు. జీవితంలో నాకు వచ్చిన ఒకే ఒక్క కచేరీ పిలుపు అది.

శనివారం సాయంత్రం

నేను ఎంత గొప్ప త్యాగం చేశానో నంద్యాలకు చెప్పాలని ఆరాటంగా ఉంది. బృందం కార్యదర్శి ప్రభుదాసు, విత్తనాల గోడౌన్‌లో సూపర్‌వైజరు, ప్రాక్టీసుకు రమ్మన్నాడు. వెళ్లాను. ఇరవై మంది ఉన్నారు. ఇద్దరు టీచర్లు, ఒక ఆటో డ్రైవరు, ఒక నర్సు, మిగతావాళ్లు పత్తి చేన్ల నుంచి అప్పుడే కాళ్లు కడుక్కొచ్చినవాళ్లు. నన్ను కూర్చోబెట్టి, విను అక్కా అని మొదలుపెట్టారు.

ఒకటి, రెండు, మూడు. ఏడో స్వరం దగ్గర ఆడగొంతులన్నీ ఎక్కాల్సిన మెట్టు ఎక్కేశాయి. తడబాటు లేదు. అచ్చు పుస్తకంలో ఉన్నట్టే. నంద్యాల చరిత్రలో మొదటిసారి.

పాట అయ్యాక అందరూ నా ముఖం చూస్తున్నారు. నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. సంతోషంతో నోట మాట రావడం లేదని వాళ్లు అనుకున్నారు.

ప్రభుదాసు చెప్పాడు. నా తొమ్మిది నిమిషాల మెసేజ్‌ను పదిహేను రోజులు రోజూ పెట్టుకుని విన్నారట. సుగుణమ్మ అనే ఆవిడ కలుపు తీస్తూ ఆ ఒక్క స్వరాన్నే సాధన చేస్తుంటే, పక్క సాలులోని ఆడవాళ్లు పన్ను నొప్పా అని అడిగారట. కరుణమ్మగారికి మాత్రం చెప్పలేదు. ఆదివారం వినిపించి ఆమెను ఆశ్చర్యపరచాలని.

రాయి మీద పాతదే చెక్కించానని, దయచేసి పాతదే పాడమని అడిగాను. సుగుణమ్మ చీర కొంగుతో మెడ తుడుచుకుంది.

"తప్పంటివి, మార్చుకుంటిమి. ఇప్పుడు మళ్లా తప్పు నేర్చుకోమంటాండావా అక్కా?" అన్నాడు ప్రభుదాసు. కోపంగా కాదు. నిజంగానే అడిగాడు.

వద్దులే అన్నాను. ఇంకేమంటాను.

ఆదివారం

పలక వచ్చింది. ముసుగు తీశారు. కరుణమ్మగారు కర్ర పట్టుకుని గోడ దాకా నడిచి, చూపుడు వేలితో ఒక్కొక్క చుక్కనూ తడుముతూ లెక్కపెట్టారు. ఏడో దాని దగ్గర వేలు ఆగింది. గీత మీదే ఉంది. వెనక్కి తిరిగి జనంలో నన్ను వెతికి, తల ఒకసారి ఊపి, ముందు బెంచీలో కూర్చున్నారు. పాట ఇంకా మొదలవలేదు.

గుంటూరు నుంచి వచ్చిన అతిథినని గౌరవంగా నన్ను మైకు ముందు నిలబెట్టారు. పాట మొదలైంది. ఏడో స్వరం వచ్చింది. అందరూ మెట్టెక్కారు. ఇన్నేళ్లుగా సరిగ్గా పాడుతూ, ఊరంతటికీ సరిగ్గా పాడడం నేర్పిన నేను, మాస్టారి అరచెయ్యి కిందే ఆగిపోయాను. ఒక్కదాన్నే. మైకులో. గోపురం మీది స్పీకర్లలోంచి వీధి చివరి దాకా.

కావాలని పాడలేదు. కావాలనే పాడానని ప్రభుదాసు ఇప్పటికీ నమ్ముతున్నాడు.

ఆరాధన అయ్యాక కర్నూలు నుంచి వచ్చిన పెద్ద పాస్టరుగారు నా దగ్గరికి ప్రత్యేకంగా వచ్చారు. మొదటి వరుసలో ఒక చోట రెండు స్వరాలు ఒరుసుకున్నాయే, ఆ కాలపు సంగీతంలోని అందమంతా అదేనమ్మా అని మెచ్చుకున్నారు. తెలిసినవాళ్లు వింటే మాస్టారికి చిన్నతనమని భయపడ్డాను. తెలిసినవాళ్ల సంగతి ఇదీ.

రైలు టైముకు ముందు

నాలుగింటికి నా రైలు. భోజనానికి కరుణమ్మగారి ఇంటికి వెళ్లాను. రాగిసంగటి, నాటుకోడి పులుసు. ఈసారి పెరుగు గిన్నె ముందే నా పక్కన పెట్టి ఉంది. ఆవిడ కొసరి కొసరి వడ్డించారు. చెయ్యి కడుక్కున్నాక, అందరూ ఒకటి పాడితే నువ్వొకటి పాడినావు అన్నారు. అవునన్నాను. క్షమించమని అడగడానికి మాటలు కూర్చుకుంటున్నాను. వాళ్లది తప్పు కాదని, తప్పు నాదని, నేను నేర్పబట్టే అలా పాడారని చెప్పాను.

"పిల్లోళ్లు పాడిందే బాగుండాది" అన్నారు ఆవిడ.

చెయ్యి తుడుచుకుంటున్న తువ్వాలు పక్కన పెట్టాను.

"రాయి ఉండనీ. అది మా సారుది. నాకు మాత్రం వాళ్లది నేర్పియ్యి. వచ్చే ఆదివారం అందరూ అది పాడతాంటే, ముందు బెంచీలో కూసోని నేనొకదాన్నే కింద పాడితే బాగుండదు."

వంటింట్లో, కడగని పళ్లేల ముందు కూర్చుని మొదలుపెట్టాం. చర్చిలో ఎత్తుకునే శ్రుతిలోనే ఎత్తుకున్నాను. ఆవిడ ఏడో స్వరం దగ్గరికి రాగానే అలవాటుగా ఆగిపోయారు. రెండోసారి ఎక్కబోయారు. గొంతు చీలి దగ్గొచ్చింది. నీళ్లు తాగారు. రైలుకు టైమవుతోందని ప్రభుదాసు వాకిట్లో హారన్ కొట్టాడు. ఆవిడ వినిపించుకోలేదు, నేనూ వినిపించుకోలేదు. కాస్త కింది నుంచి ఎత్తుకుందాం అన్నాను. డెబ్బై రెండేళ్ల మనిషి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, నా వెనకే ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ వచ్చారు. అయిదోసారో ఆరోసారో, ఏడోది అందింది. సన్నగా, కొంచెం వణుకుతూ, కానీ సరిగ్గా అక్కడే. ఊపిరి ఉన్నంతసేపూ దాన్ని వదలకుండా పట్టుకున్నారు.

తర్వాత కళ్లు తెరిచి నా వంక చూశారు.

"ఇదేనా? ఈ మాత్రానికేనా అంత గొడవ చేసినావు?" అన్నారు.

రైలు అప్పటికి ఎలాగూ వెళ్లిపోయింది. నేను లేచి పళ్లేలు తీశాను.